చీకట్ల రంగులు ఎటు పోతయ్? బంగ్ల మీద ఒక్క మాపు కూసొని చూసుకునుడెట్లనో పూర్తిగ చెప్తా

మిర్చి సీజన్‌ల ఒకసారి మా కాకతోని వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోయిన. రాత్రి ఊర్లె బస్తాలు ఎక్కిచ్చుకొని మబ్బుల్నే దిగినం, షెడ్డు లైట్లు సరిగ అందని జాగ దొరికింది, పైన జరంత ఎన్నెల. నేను ఊకోక ఒక బస్తా మూతి విప్పి చూసిన, గుండె జల్లుమన్నది. కాయ మొత్తం బొగ్గు లెక్క నల్లగ ఉన్నది, నడుమ నడుమ తాలు కాయలు, అంటె రంగు పోయి తెల్లబడ్డ కాయలు, మాత్రం తెల్లగ చుక్కలు పెట్టినట్టు కొట్టొచ్చినట్టు కనపడుతున్నయ్. "కాకా, కాయ నల్లబడ్డదే, పదును మీద ఎత్తినమా ఏంది" అన్న. ఆయన ఇంకో బస్తా మీద పండుకున్నోడు కండ్లు గూడ తెరవకుంట "తెల్లారనియ్యి రా, అదే ఎర్రగైతది" అన్నడు. ఆరు దాటినంక నిజంగనే ఎర్రగైంది, కండ్లు జిగేల్‌మనేటంత ఎరుపు, తాలు ఎక్కడున్నయో మళ్ల వెతుక్కోవాల్సి వచ్చింది.

కాక ఆ ముక్క చెప్పి ఊకున్నడు గని నాకు ఆగలే. అది మిర్చిల ఉన్న సంగతి కాదు, మన కంట్ల ఉన్న సంగతి. దాన్ని ఇంటికాడ పైస ఖర్చు లేకుంట ఎట్ల చూసుకోవాల్నో నేను నాలుగైదు సార్లు చేసి తెలుసుకున్న, మధ్యల చేసిన తప్పులతోని సహా రాస్తున్న.

ముందుగాల అసలు సంగతి

కంటి లోపల వెనుక పొర మీద వెలుతురును పట్టే కణాలు రెండు రకాలుంటయ్. బడి పుస్తకాలల్ల దండాలు, కోనులు అని చదివినం గదా, అవే. కోనులు ఒక 60 లక్షల దాకా, దండాలు 12 కోట్ల దాకా అని లెక్క చెప్తరు. కోనులల్ల మూడు రకాలున్నయ్, ఒకటి పొడుగు అలలకు, ఒకటి మధ్య అలలకు, ఒకటి పొట్టి అలలకు ఎక్కువ కదులుతది, ఈ మూడిటి లెక్కలను పక్కపక్కన పెట్టి చూసుకొని మెదడు ఇది ఎరుపు ఇది నీలం అని తేలుస్తది. కాకపోతె కోనులకు వెలుతురు దండిగ కావాలె. దండాలకు కొంచెం చాలు. 1942ల హెక్ట్, ష్లేర్, పిరెన్ అని ముగ్గురు చేసిన ప్రయోగంల దండాలు ఐదు నుంచి ఏడు కాంతి కణాలు పట్టుకున్నా మనిషికి "ఏదో మెరిసింది" అని తెలుస్తదని తేలింది.

మరి అంత చురుకైన దండాలకు రంగెందుకు తెల్వదు? అవి ఒక్కటే రకం కాబట్టి. యార్డ్‌ల కాంటా సంగతి తీసుకోండి. కాంటాకు 40 కిలోలా 42 కిలోలా తెలుస్తది గని బస్తాల ఉన్నది తేజ రకం మిర్చా చపాట రకం మిర్చా దానికేం ఎరుక? దండం గూడ అంతే, ఎంత వెలుతురు పడ్డదో చెప్తది, ఏ రంగు వెలుతురో చెప్పలేదు. మసక ఆకుపచ్చ అయినా, జర ఎక్కువ పడ్డ పసుపు అయినా దానికి ఒక్కటే తూకం. ఒక్కటే కాంటా ఉన్న రాత్రిల లోకమంతా తెలుపు, నలుపు, బూడిద.

ఏమేం కావాలె

కుంకుమ, పసుపు, బియ్యప్పిండి ఒక్కో చెంచా. ఆకులతోని ఉన్న ఎర్ర మందార కొమ్మ ఒకటి. నీలం శంఖుపువ్వు దొరికితె మంచిది, లేకుంటె నీలం బట్టముక్క. అన్నిటినీ స్టీలు ప్లేట్ల పెట్టకండి, మెరిసి అంతా ఆగం చేస్తది, నేను మొదటిసారి అట్లనే పెట్టిన. అట్టముక్క మీదనో విస్తరాకు మీదనో పెట్టండి.

టైలర్ దగ్గరికి పోయి జాకెట్ బట్ట ముక్కలు అడగండి, మెరుపు లేని కాటన్‌వి, అరచెయ్యంత ఏడెనిమిది: ఎరుపు, మెరూన్, నారింజ, పసుపు, చిలకపచ్చ, ముదురు ఆకుపచ్చ, నీలం, ఊదా. ఒక్కోదాని వెనుక మార్కర్‌తోని నంబర్ రాసి, ఏ నంబర్ ఏ రంగో వేరే కాగితం మీద రాసుకోండి. ఒక నోట్‌బుక్, పెన్సిల్. దేవుని అర్రల పెట్టే ఎర్ర జీరో బల్బు. తోడుకు ఒక మనిషి, ఎందుకో తర్వాత చెప్తా.

ఇగ జాగ. ఊర్లె ఉన్నోళ్లకు బంగ్ల మీద, చేను కాడ, ఎక్కడైనా అయితది. హన్మకొండ, కాజీపేట అసొంటి చోట వీధిలైట్లు చీకటి కానియ్యవు, అసొంటోళ్లు ఇంట్లనే ఒక కిటికీ ఉన్న అర్ర చూసుకొని దుప్పటి కట్టి, తలుపు సందును కొంచెం కొంచెం మూసుకుంట చీకటి చెయ్యొచ్చు. అమాస దగ్గరి రోజులైతె ఉత్తమం. పున్నం రోజు వద్దు, నిండు ఎన్నెల పావు లక్స్ (వెలుతురు ఎంత పడుతుందో కొలిచే లెక్క) దరిదాపుల ఉంటది, మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్, దాని ముందు ఇదేం లెక్క అనిపిస్తది గని ఆ పావు లక్స్‌ల గూడ కోనులు పూర్తిగ పండుకోవు, పెద్ద ఎర్ర బట్టల ఎరుపు ఛాయ కొంచెం తగులుతనే ఉంటది.

స్టెప్ 1: పొద్దు ఉండంగనే ఒక లెక్క రాసుకోండి

పొద్దు గూకకముందు అట్టముక్క మీద అన్నీ పేర్చి, కండ్లు సగం మూసి చూసి, ఏది ఎక్కువ వెలుగుగ ఉంది ఏది ముదురుగ ఉంది అని వరుస రాయండి. రంగు కాదు, వెలుగు. ఇక్కడనే చానమంది గడబిడ పడుతరు, "కుంకుమ ఎరుపు" అని రాస్తరు, అది మనకెట్లనూ ఎరుకే గదా. రాయాల్సింది మందార పువ్వు తన ఆకుకన్న వెలుగుగ ఉందా లేదా అని. పగటి పూట పువ్వే ముందు కంటికి కొడ్తది.

స్టెప్ 2: పొద్దు గూకినంక 20 నుంచి 40 నిమిషాల దాకా కదలొద్దు

మొత్తం ప్రయోగానికి ప్రాణం ఇదే, దీని కోసమే కూసోవాలె, మిగతావి చేసినా చెయ్యకున్నా నడుస్తది.

ఐదు నిమిషాలకోసారి వరుస మళ్ల రాసుకుంట పోండి. మొదలు ఏం మారదు, ఊరికెనే మసక అయితుంటది. తర్వాత ఎప్పుడో, నాకైతె 25 నిమిషాల కాడ, మందార లోపలికి గుంజుకుపోయినట్టు అయింది. పువ్వు ముదురు మెరూన్, తర్వాత గోధుమ, తర్వాత నలుపు. అదే కొమ్మ మీది ఆకులు మాత్రం బూడిద తెలుపుకు తిరిగి పువ్వుకన్న వెలుగుగ వచ్చినయ్. కుంకుమ కుప్ప అట్టముక్కకు తొర్ర పడ్డట్టు కనిపించింది. పసుపు జరంత మాసిన తెలుపు, బియ్యప్పిండి పక్కన పెడితెనే తేడా తెలిసేటట్టు. శంఖుపువ్వు పగటీలి ముదురుగ ఉన్నది కాస్త ఇప్పుడు తేలి వచ్చింది.

1825ల పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త ఇదే రాసిండు, పొద్దుగాల మసక వెలుతురుల ఎర్రపూలు నల్లగ, ఆకులు వెలుగుగ కనపడుడు చూసి. అందుకే దీన్ని పుర్కిన్యే మార్పు అంటరు. కారణం సింపులే. వెలుతురు అల పొడుగును నానోమీటర్లల్ల కొలుస్తరు, పగటీలి కోనుల చూపు 555 నానోమీటర్ల కాడ, అంటె పసుపు కలిసిన ఆకుపచ్చ కాడ, అన్నిటికన్న చురుకు. రాత్రి దండాల చూపు 507 కాడ, అంటె నీలం కలిసిన ఆకుపచ్చ దిక్కు జరుగుతది. ఎరుపు దిక్కు పోయినకొద్దీ దండాలు మొద్దు, 640 దాటితె దాదాపు పట్టించుకోవు. మిర్చి బస్తా నల్లగ కనపడ్డదానికి ఇదే జవాబు, ఎరుపు వెలుతురు కంట్లకు వస్తనే ఉన్నది గని లోపల దాన్ని అందుకునేటోడు లేడు. తాలు కాయ తెల్లటిది కాబట్టి అన్ని అలలూ పంపుతది, అందుకే పగటికన్న రాత్రి ఎక్కువ ఎత్తిపెట్టినట్టు కనపడ్డది.

సద్దుల బతుకమ్మ నాడు గూడ దీన్ని చూడొచ్చు, లైట్లు లేని చిన్న ఊర్ల చెరువు కట్ట అయితెనే. ఇంటికాడ నుంచి బయల్దేరేటప్పుడు బంతి, పట్టుకుచ్చులు ముందుకొచ్చి కనపడ్డ బతుకమ్మ నీళ్ల దాకా పోయేసరికి తలకిందులైతది, ఎర్ర రంగు అద్దిన గునుగు వరుస నల్ల చారలెక్క, రంగు అద్దని తెల్ల గునుగు వరుస దీపం లెక్క. మా అక్క ఆ మాట విని "అయితె ఎర్ర రంగుకు పైసలు దండుగ పెట్టినట్టే" అన్నది. పొద్దున్న పేర్చేటప్పుడు చూసిన సంతోషం ఎటుపోతది మరి.

ఇంకొక్క మాట. మసకల రోడ్డు పక్కన నడిచేటోళ్లు ఎర్రచీర, మెరూన్ అంగి ఏసుకుంటె హెడ్‌లైట్ పడేదాక దూరం నుంచి నల్లగనే కలిసిపోతరు. మేడారం దిక్కు రాత్రిపూట నడిచేటోళ్లు తెల్ల తువ్వాలన్నా భుజం మీద ఏసుకోవాలె.

స్టెప్ 3: ఫోన్ బోర్లేసి 40 నిమిషాలు

పూర్తిగ చీకటైనంక కంటికి టైం ఇయ్యాలె. కంటిపాప పెద్దగైతది అదే చాలు అనుకుంటరు గని అది పగటీలి 2 మిల్లీమీటర్లు ఉంటె చీకట్ల 7 దాకా పోతది, వైశాల్యం లెక్కన ఒక పన్నెండు రెట్లు. చీకటికి అలవాటైన కన్ను చురుకు మాత్రం లక్ష రెట్ల దాకా పెరుగుతది. మిగతా పని అంతా లోపల మందు మళ్ల తయారయితెనే అయితది. దండాలల్ల రోడాప్సిన్ అని ఉంటది, వెలుతురు పడితె విరిగిపోతది, చీకట్ల మెల్లగ మళ్ల కూడుకుంటది, అది కూడుకోవాల్నంటె విటమిన్ ఏ కావాలె. కంట్ల ఈ విటమిన్ పనేందో తేల్చిన జార్జ్ వాల్డ్‌కు 1967ల ఇంకిద్దరితోని కలిపి నోబెల్ వచ్చింది.

ఈ అలవాటు రెండు మెట్లల్ల అయితది. మొదటి పది నిమిషాలల్ల కోనులు తమ చేతనైనంత చేసి ఆగిపోతయ్, చూపు ఇంతేనేమో ఇగ పెరగదు అనిపిస్తది, చానమంది అక్కడ్నే లేచిపోతరు. ఆగండి. తర్వాత దండాలు అందుకుంటయ్, 30, 40 నిమిషాల దాకా పెరుగుతనే ఉంటది. మధ్యల ఎవలన్నా ఫోన్ తీసి వాట్సాప్ చూసిన్రో అయిపాయె, మళ్ల మొదటికే. మా తమ్ముడు మూడుసార్లు చెడగొట్టిండు, నాలుగోసారి వాని ఫోన్ కిందనే పెట్టిచ్చి వచ్చిన.

ఆ 40 నిమిషాలు ఊరికె ముచ్చట పెట్టుకోండి, ఇంకేం చేసే పని లేదు.

స్టెప్ 4: బట్ట ముక్కల పరీక్ష

కుంకుమ ఎరుపని మనకు ఎరుక కాబట్టి చీకట్ల గూడ "ఎర్రగనే కనపడుతుంది గదా" అని కొట్లాడేటోళ్లుంటరు. వాళ్లు అబద్ధం చెప్తలేరు, ఎరుక ఉన్న వస్తువుకు మనసు రంగు పూస్తది. దాన్ని తప్పించాల్నంటె తోడున్న మనిషితోని ముక్కలు కలిపిచ్చి, నంబర్లు కిందికి పెట్టి పేర్పియ్యాలె. మీరు ఒక్కోటి చూసి రంగు చెప్పాలె, ఆ మనిషి వరుసగ రాయాలె. మెరుపు కోసం ముక్కను కంటికాడికి తేవద్దు, చేత్తోని తడమొద్దు, బట్ట నేత బట్టి పట్టేస్తరు. మా అమ్మ అట్లనే పట్టేసింది, జాకెట్ ముక్క ఎవలిదో గూడ చెప్పింది.

అన్నీ అయినంక, అన్నీ అంటె అన్నీ, అప్పుడే లైట్ వెయ్యాలె. నాకు ఎనిమిదిట్ల రెండు కరెక్ట్ వచ్చినయ్, అవి గూడ ఊహే. మెరూన్‌ను నలుపన్న, ఎరుపును ముదురు ఆకుపచ్చ అన్న, పసుపుకు తెలుపన్న, నీలం ముక్కను మాత్రం ఎంతో ధైర్యంగ "బూడిద, లేతది" అన్న. తప్పులను జాగ్రత్తగ చూస్తె ఒక వరుస దొరుకుతది: ఎరుపు దిక్కువి అన్నీ ఉన్నదానికన్న ముదురుగ, నీలం దిక్కువి అన్నీ ఉన్నదానికన్న లేతగ చెప్తం. కొత్తవాడ దర్రీనో చీరెనో కొనేటప్పుడు దుకాణం లోపల గుడ్డి లైట్ల కింద కాదు, గడప దాటి బయటికి తెచ్చి చూడాలె అని పెద్దోళ్లు అనేది ఉత్తగ కాదు.

స్టెప్ 5: నేరుగ చూడొద్దు, పక్కకు చూడాలె

మనం దేన్నన్నా నేరుగ చూస్తె దాని బొమ్మ పొర మీద నట్టనడి గుంట మీద పడుతది, అక్కడ మొత్తం కోనులే, దండం ఒక్కటి గూడ ఉండదు. చెయ్యి బారుగ చాపితె చిటికెనవేలు కప్పేటంత జాగ అది. అంటె మస్తు చీకట్ల మన చూపు నడుమల ఒక గుడ్డి మచ్చ ఉన్నట్టే. దండాలు ఎక్కువ గుమిగూడింది అక్కడికి 20 డిగ్రీల దూరంల, చాపిన చేతి జానెడు అనుకోండి.

చలికాలంల అయితె దీన్ని చుక్కల మీద చూడండి. కృత్తికలు, మన ఊర్లల్ల పిల్లలకోడి అంటరు, దాన్ని సూటిగ చూసి ఎన్ని చుక్కలో లెక్కబెట్టండి. తర్వాత చూపును జానెడుల సగం పక్కకు జరిపి, కన్ను అక్కడ నిలిపి, మనసును మాత్రం పిల్లలకోడి మీద పెట్టండి. రెండు మూడు చుక్కలు కొత్తగ తేలుతయ్. నేరుగ చూస్తె మళ్ల పోతయ్. ఇది మొదటిసారి రాదు, కన్ను గుంజుకపోతనే ఉంటది, పది నిమిషాలు సాధన చెయ్యాలె.

చుక్కల దగ్గరున్నప్పుడే ఆర్ద్రను గూడ చూడండి. అది రాత్రి గూడ జర ఎర్రగనే కనపడుతది, ఎందుకంటె అది దండిగ వెలిగే చుక్క, నడిమి కోనులను లేపగలుగుతది. గుడ్డిగున్న చుక్కలల్ల గూడ ఎరుపు, పసుపు, నీలం ఉంటయ్ గని మనకు అన్నీ తెల్లయే.

పాకాల చెరువు దిక్కు పోయినోళ్లకు చీకటి మంచిగ దొరుకుతది, పాములు జాగ్రత్త.

స్టెప్ 6: ఎర్ర జీరో బల్బు

చీకటికి అలవాటైనంక నోట్‌బుక్‌ల రాసుకునేటందుకు ఏదో ఒక లైట్ కావాలె గదా, ఎర్ర జీరో బల్బు దూరంగ పెట్టుకోండి. దండాలు ఎరుపును పట్టించుకోవు కాబట్టి మీ 40 నిమిషాల కష్టం పెద్దగ చెడదు. మరీ దగ్గర, మరీ వెలుగు పెడితె మాత్రం అదీ చెడగొడ్తది.

ఆ వెలుతురుల కుంకుమను, బియ్యప్పిండిని పక్కపక్కన చూడండి. రెండూ దాదాపు ఒక్క తీరుగనే! తెల్లకాగితం మీద ఎర్రపెన్నుతోని రాస్తె అక్షరమే కనపడదు. ఇది చీకటి వల్ల కాదు, ఆ లైట్ల ఎరుపు తప్ప వేరే రంగు లేకపోవుడు వల్ల. ఈ రెండిటిని కలిపి చెప్పేటోళ్లు చానమంది ఉన్నరు, అందుకే స్టెప్ పెట్టిన. పాత నారింజ రంగు సోడియం వీధిలైట్ల కింద నీలం బండి నల్లబండి లెక్క కనపడ్డది గూడ ఇదే కథ, అక్కడ వెలుతురు సరిపోనే ఉండె, అండ్ల నీలమే తక్కువ.

స్టెప్ 7: ఫోన్‌తోని సాక్ష్యం

ఇగ ఇప్పుడు ఫోన్ తియ్యొచ్చు, ఎట్లనూ అయిపోయింది. కదలకుంట ఇటుక మీద ఆనిచ్చి నైట్ మోడ్ పెట్టి, లేకుంటె ప్రో మోడ్‌ల పది సెకన్లు షట్టర్ పెట్టి అదే అట్టముక్కను తీయండి. ఫొటోల కుంకుమ ఎర్రగ, శంఖుపువ్వు నీలంగ, మీ కంటి ముందు బూడిదగ ఉన్నది అంతా రంగురంగులుగ వస్తది. కెమెరా పది సెకన్ల వెలుతురును కూడబెట్టుకుంటది, మన కంటికి సెకనుల చిన్న తునక దాటి కూడబెట్టే శక్తి లేదు.

ఎన్నెల నీలంగ ఉంటది అనుకునేటోళ్లకు గూడ ఇదే మందు. చంద్రుని మీద పడి వచ్చేది సూర్యుని వెలుతురే, అది సూర్యునికన్న జరంత పసుపు దిక్కే ఉంటది. ఎన్నెల్ల పొలం ఫొటో పది ఇరవై సెకన్లు తీస్తె పట్టపగలు తీసినట్టే, పచ్చగ, పైన నీలం ఆకాశంతోని వస్తది, చుక్కలు లేకుంటె ఎవలూ నమ్మరు. నీలం అనిపిచ్చేది మన చూపు నీలం దిక్కు జరుగుడు వల్ల కావొచ్చు అంటరు.

రాకపోతె ఎక్కడ తప్పుతుందో

మందార నల్లబడ్తలేదంటె ఎక్కడికెళ్లో లైట్ వస్తుంది, ఎదురింటి ఎల్‌ఈడీ బోర్డు, ఇన్వర్టర్ బల్బు, ఏదో ఒకటి. అర్రల చేసేటోళ్లు చార్జర్ మీది లైట్‌ను గూడ బట్టతోని కప్పాలె.

రంగు పోయింది గని అన్నీ గజిబిజిగ ఉన్నయ్ అంటె అది తప్పు కాదు, దండాలు గుంపుగ కలిసి ఒక్క తీగకు కబురిస్తయ్, అందుకే చిన్న చిన్న వెలుతురు గూడ దొరుకుతది గని సన్నటి గీతలు దొరకవు. చీకట్ల పేపర్ చదవలేనిది గూడ ఇందుకే.

ముసలోళ్లకు టైం ఎక్కువ పడుతది, వాళ్ల కంటిపాప చిన్నగనే ఉంటది, లోపలి కటకం పసుపెక్కుతది, వాళ్లను 40 నిమిషాలకు తొందరపెట్టొద్దు.

పిల్లలు ఎవలన్నా అందరికీ కనపడ్డంక గూడ ఏం కనపడ్తలేదు అంటుంటె, పొద్దు గూకంగనే గోడ పట్టుకొని నడుస్తుంటె ఆటలాడుతున్నరు అనుకోకండి. అది రేచీకటి కావొచ్చు. విటమిన్ ఏ తక్కువైతె రావొచ్చు, 9 నెలల నుంచి 5 ఏండ్ల దాకా పిల్లలకు ఆరు నెలలకోసారి చెంచాల పోసే సిరప్ అందుకోసమే, మునగాకు, పాలకూర, బొప్పాయి, గుడ్డు పెట్టుడు గూడ అందుకే. వంశపారంపర్యంగ దండాలు పాడయ్యే జబ్బులు గూడ ఉన్నయ్, అవి ఆకుకూరతోని పోవు. మందులషాపుల గోలీలు అడిగి ఎక్కువ ఎక్కువ మింగిచ్చొద్దు, విటమిన్ ఏ మీదికెక్కితె కార్జానికి దెబ్బ. మందార, కుంకుమ పక్కకు పెట్టి తెల్లారంగనే కంటి డాక్టర్ దగ్గరికి తీస్కపోండి.